లండన్–పారిస్: వెళ్ళేటప్పుడు 2 గంటల 20 నిమిషాలు, వచ్చేటప్పుడు 20 నిమిషాలేనా?

కంబాలచెరువు కోడలు (సోమవారం, ఉదయం 10:05)

అందరికీ నమస్కారం. ఇక్కడ ఇన్నాళ్ళూ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి. మేముండేది లండన్ ఈస్ట్‌హామ్‌లో. అత్తయ్యగారు, మామయ్యగారు రాజమండ్రి నుంచి వచ్చారు. వాళ్ళని మూడు రోజులు పారిస్ తీసుకెళ్దామని అనుకున్నాం.

నిన్న రాత్రి టికెట్లు చూస్తుంటే బుర్ర తిరిగిపోయింది. హీత్రోలో ఉదయం 9:00కి ఎక్కితే పారిస్ చార్లెస్ డిగాల్‌లో 11:20కి దింపుతాడట. తిరుగు టికెట్టేమో సాయంత్రం 6:00కి ఎక్కితే హీత్రోలో 6:20! మామయ్యగారు ఇరిగేషన్‌లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఫోన్ నా చేతిలోంచి తీసుకుని అప్పటికప్పుడు లెక్క వేసేశారు. "దూరం 344 కిలోమీటర్లు చూపిస్తోందమ్మా. పోయేటప్పుడు గంటకి 147, వచ్చేటప్పుడు 1032. పోయేది గోదావరి ఎక్స్‌ప్రెస్, వచ్చేది రాకెట్టూనా?" అన్నారు.

అసలు దూరమెంత? విమానం ఎంతసేపు ఎగురుతుంది? ఆయనకి మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ నడవలేరు. రైలా, విమానమా? చెప్పండి.

గిద్దలూరు శీను (సోమవారం, ఉదయం 10:11)

టైం తేడా అక్కా. పారిస్ గడియారం లండన్ కంటే గంట ముందుంటది. రెండు పక్కలా 1 గంట 20 నిమిషాలే.

లెక్కల మాస్టారు (సోమవారం, ఉదయం 11:40)

శీను చెప్పింది నిజం. టికెట్టు మీద ఎక్కే టైం ఎక్కే ఊరిది, దిగే టైం దిగే ఊరిది. 9:00కి ఎక్కి 11:20కి దిగితే, అందులో గంట గడియారం మింగేసింది. వచ్చేటప్పుడు ఆ గంటని కక్కేసింది. అందుకే 20 నిమిషాలు కనిపిస్తోంది.

మీ మామయ్యగారు లెక్కలు వేసే మనిషి అన్నారు కాబట్టి దూరం సంగతి ఆయన కోసం కొంచెం విడమరిచి రాస్తాను. కాగితం, పెన్ను చాలు.

లండన్ అక్షాంశం 51.51 ఉత్తరం, పారిస్‌ది 48.86. తేడా 2.65 డిగ్రీలు. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే ఎక్కడైనా సుమారు 111 కి.మీ. (ఇక్కడ కచ్చితంగా చూస్తే 111.2), కాబట్టి ఉత్తర దక్షిణాలుగా 295 కి.మీ. రేఖాంశాలు చూస్తే లండన్ 0.13 పడమర, పారిస్ 2.35 తూర్పు. తేడా 2.48 డిగ్రీలు. రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి గనక ఇక్కడ 111 పనికిరాదు, దాన్ని 50 డిగ్రీల కొసైన్‌తో గుణించాలి. డిగ్రీకి దాదాపు 71 కి.మీ. వస్తుంది. అంటే తూర్పు పడమరలుగా 177 కి.మీ. ఇక మిగిలింది పైథాగరస్: 295 వర్గం, 177 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 344. ఫోన్ చెప్పిందే వచ్చింది చూశారా! దూరం ఇంకా ఎక్కువైతే భూమి గుండ్రం అడ్డొస్తుంది, అప్పుడు వేరే సూత్రం వాడాలి. ఇంత దగ్గరికి ఇది చాలు.

హైదరాబాద్ నుంచి రాజమండ్రికి తిన్నగా గీత గీస్తే ఇంచుమించు 350 కి.మీ. మామయ్యగారు ఆ విమానం ఎక్కే ఉంటారు. లండన్–పారిస్ కూడా దాదాపు అంతే అని చెప్పండి, ఇట్టే అర్థమైపోతుంది.

అయితే 344 అన్నది ఊరి నడిబొడ్డు నుంచి ఊరి నడిబొడ్డుకి. హీత్రో లండన్‌కి పడమరన ఉంది, చార్లెస్ డిగాల్ పారిస్‌కి ఈశాన్యాన ఉంది. వాటి మధ్య గీత గీస్తే 348 దాకా వస్తుంది. రోడ్డు మీద ఫ్రాన్సు రేవు కాలే మీదుగా పోతే 450 దాటుతుంది. రైలు పట్టాల మీద 492. ఒక్క దూరానికి నాలుగు అంకెలు, నాలుగూ నిజమే.

యానాం బుల్లోడు (సోమవారం, మధ్యాహ్నం 1:15)

నేను పారిస్‌లోనే ఉంటానండి. మాస్టారు చెప్పిన రేఖాంశాలు చూస్తే ఒక తమాషా ఉంది. తేడా రెండున్నర డిగ్రీలు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు. అంటే లండన్‌కీ పారిస్‌కీ పొద్దు తేడా 10 నిమిషాలే. మరి గడియారం గంట ఎందుకు ముందుంది?

1911 దాకా ఫ్రాన్సుకి సొంత టైం ఉండేదండి, గ్రీనిచ్ కంటే 9 నిమిషాల 21 సెకన్లు ముందు. ఆ ఏడాది మార్చిలో చట్టం చేసి గ్రీనిచ్ టైంకి మారారు గానీ, ఇంగ్లీషోడి ఊరి పేరు చట్టంలో రాయడానికి మనసొప్పలేదు. "పారిస్ సగటు కాలాన్ని 9 నిమిషాల 21 సెకన్లు వెనక్కి జరిపినది" అని రాసుకున్నారు! పౌరుషం అంటే అదీ. ఆ లెక్కన అప్పట్నుంచీ 1940 దాకా లండన్, పారిస్‌లది ఒకటే టైం.

1940 జూన్‌లో జర్మన్లు పారిస్‌లోకి దిగారు. దిగగానే గడియారాలు బెర్లిన్ టైంకి తిప్పారు. యుద్ధం అయిపోయింది, జర్మన్లు పోయారు, ఆ గంట మాత్రం ఉండిపోయింది. మీ టికెట్లో కనిపిస్తున్న గంట అదేనండి. జూన్ నెలలో ఇక్కడ పొద్దు గూకేసరికి రాత్రి పది అవుతుంది. మా నాన్నమ్మ యానాం నుంచి వచ్చిన కొత్తలో "దీపం పెట్టే వేళ అవ్వదేంట్రా" అని కిటికీ దగ్గరే కూర్చునేది.

లెక్కల మాస్టారు (సోమవారం, మధ్యాహ్నం 1:32)

ఇది నాకు తెలీదు. బావుంది బుల్లోడూ. వేసవి గడియారం మార్చేది కూడా రెండు దేశాలూ ఒకే క్షణాన, మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాల్లో. కాబట్టి ఈ గంట తేడా ఏడాది పొడుగునా ఉంటుంది.

హౌన్‌స్లో రమణ (సోమవారం, రాత్రి 11:50)

డ్యూటీ దిగి ఇప్పుడే చూశా. హీత్రోలో ర్యాంప్ మీద, అంటే విమానాలు ఆగే చోట, పని నాది. టికెట్లో ఉన్న 1:20 ఎగిరే టైం కాదు తల్లీ. దాన్ని మేం బ్లాక్ టైం అంటాం. విమానం చక్రాలకి ముందూ వెనకా దిమ్మలు పెడతాం, ఎప్పుడైనా కిటికీలోంచి చూడండి, పసుపు రంగులో ఉంటాయి. అవి తీసి విమానం కదిలినప్పుడు లెక్క మొదలు. అవతలి ఊళ్ళో చక్రాలకి మళ్ళీ దిమ్మ పడ్డప్పుడు లెక్క ముగింపు.

మధ్యలో ఏం జరుగుతుందంటే, ముందు టగ్ బండితో వెనక్కి తోస్తారు. ఇంజన్లు రాజేస్తారు. తర్వాత రన్‌వే దాకా పాక్కుంటూ పోవాలి. హీత్రోలో ఉన్నవి రెండే రన్‌వేలు, ఒకటి ఎక్కడానికి, ఒకటి దిగడానికి. ఏడాదికి 4 లక్షల 80 వేల విమానాలు దాటకూడదని పరిమితి, దాదాపు అంచు దాకా నిండి నడుస్తుంది. పొద్దున్న తొమ్మిదింటికి క్యూ చూస్తే పుష్కరాల రేవే. అక్కడ 15, 20 నిమిషాలు హాంఫట్. గాల్లో ఉండేది 45 నుంచి 50 నిమిషాలు. అందులోనూ నిటారుగా ఎక్కడం, వెంటనే దిగడమే ఎక్కువ. పైన తిన్నగా పోయేది ఏదో కాసేపు. క్యాబిన్ వాళ్ళు టీ ఇచ్చిన కప్పు మళ్ళీ తీసుకోడానికి పరిగెడతారు పాపం.

పారిస్ నుంచి వచ్చేటప్పుడు ఇంకోటి. హీత్రోలో దిగే వరస పెద్దదైతే ఆకాశంలోనే ఆపుతారు. ఊరి చుట్టూ నాలుగు చోట్లున్నాయి: బావింగ్‌డన్, లాంబోర్న్, ఆకమ్, బిగ్గిన్. విమానాలు ఒకదాని మీద ఒకటి అంతస్తుల్లా గుండ్రంగా తిరుగుతుంటాయి. కిందది దిగితే పైది ఒక మెట్టు దిగుతుంది. కంపెనీలకి ఇది తెలుసు కాబట్టి ఆ చక్కర్లు కూడా కలుపుకునే టైం వేస్తాయి. అందుకే కొన్నిసార్లు ఆలస్యంగా బయల్దేరి కూడా టైంకే దిగుతుంది, జనం చప్పట్లు కొడతారు.

గిద్దలూరు శీను (మంగళవారం, ఉదయం 8:20)

అన్నా, ఫ్రాన్స్ వాళ్ళు చిన్న దూరాల విమానాలు బంద్ చేశారని వార్తల్లో చూశా. లండన్ విమానాలు కూడా ఆపేస్తారా?

యానాం బుల్లోడు (మంగళవారం, ఉదయం 9:02)

లేదండి. 2023లో వచ్చిన ఆ నిబంధన ఫ్రాన్సు లోపల తిరిగేవాటికే. రైల్లో రెండున్నర గంటల్లోపు పోగలిగితే విమానం నడపకూడదని. దెబ్బ తిన్నవి పారిస్‌లోని ఇంకో విమానాశ్రయం ఓర్లీ నుంచి నాంట్, లియాన్, బోర్డో పోయేవి. లండన్ వేరే దేశం కదా. లండన్‌కి రైలు కూడా రెండున్నర గంటల్లోపే అనుకోండి, అది వేరే సంగతి.

రైలుబండి రాధ (మంగళవారం, ఉదయం 9:45)

కోడలుగారూ, మీరుండేది ఈస్ట్‌హామ్ అయితే ఇక ఆలోచన ఎందుకండీ? హామర్‌స్మిత్ అండ్ సిటీ లైన్ మెట్రో ఎక్కితే మారకుండా తిన్నగా కింగ్స్ క్రాస్ సెయింట్ పాంక్రాస్. పారిస్ పోయే యూరోస్టార్ రైలు అక్కడే. హీత్రోకి పోవాలంటే వైట్‌చాపెల్‌లో దిగి ఎలిజబెత్ లైన్ ఎక్కి ఊరు ఈ చివర నుంచి ఆ చివరకి ఈదాలి.

మొత్తం ప్రయాణం లెక్క చూడండి. 9:00 విమానానికి పెద్దవాళ్ళతో ఇంట్లో 5:30కి బయల్దేరాలి. పారిస్ టైం 11:20కి దిగి, ఇమిగ్రేషన్ అయ్యి, ఆర్ఈఆర్ బి లోకల్ రైలెక్కి పారిస్ గార్ దు నోర్ స్టేషన్ చేరేసరికి ఒంటిగంట. మన టైం పన్నెండు. అంటే ఆరున్నర గంటలు. ఇందులో గాల్లో ఉన్నది 45 నిమిషాలు! అదే 9:00 రైలుకైతే 7:00కి బయల్దేరినా సరిపోతుంది. రైలు రెండుంబావు గంటల ప్రయాణం, గార్ దు నోర్‌లో దిగేసరికి మన టైం పదకొండుంబావు. నాలుగుంబావు గంటలు. పైగా ఫ్రాన్స్ పోలీసుల పాస్‌పోర్టు చెక్ కూడా సెయింట్ పాంక్రాస్‌లోనే అయిపోతుంది, అక్కడ దిగి నడుచుకుంటూ బయటికి వచ్చెయ్యడమే.

సామాను మనిషికి రెండు సూట్‌కేసులు, తూకం గొడవ లేదు. నీళ్ళ సీసా, నూనె సీసా 100 మిల్లీలీటర్ల బాధ లేదు. సముద్రం కింద 38 కి.మీ. మాత్రం ఏమీ కనపడదు, చీకటి. మా అబ్బాయి చేపలు కనిపిస్తాయని కిటికీకి ముక్కు ఆనించి కూర్చుని ఏడ్చినంత పని చేశాడు.

కరీంనగర్ కుర్రోడు (మంగళవారం, మధ్యాహ్నం 12:30)

రాధక్కా, రైలు మంచిదే, కానీ పైసలు? నెల ముందు కొంటే సరే. వారం ముందు చూస్తే నలుగురికి కలిపి ఇండియాకి పోయేంత అడుగుతడు.

నేను స్టూడెంట్‌గ ఉన్నప్పుడు లండన్ విక్టోరియా నుంచి బస్సుల పోయిన. రాత్రి ఎక్కితే పొద్దుగాల పారిస్ బెర్సీల దింపిండు. తొమ్మిది గంటలు. నిద్ర వట్టిందో లేదో డోవర్ రేవుల లైట్లన్ని ఏసి లేపిండు. అర్ధరాత్రి రెండింటికి సలిల పాస్‌పోర్టు వట్టుకొని లైన్ల నిలవడితిమి. నా ముందున్న పెద్దాయన చెప్పులు బస్సులనే మర్చిపోయి ఉత్త సాక్సుల మీద నిలవడ్డడు. పెద్దోళ్ళతోని అసలు వద్దు అక్కా. మనలాంటోళ్ళకైతే ఓకే.

ఇగ చవక విమానాల సంగతి. టికెట్ 25 పౌండ్లని మురిసిపోయి కొన్న. గేటు కాడ బ్యాగు రెండు వేళ్ళు పెద్దగుందని టికెట్ కంటే ఎక్కువ గుంజిండు. పేరు చెప్ప గాని, బ్యాగు కొలుసుకొని పోండ్రి.

లెక్కల మాస్టారు (మంగళవారం, మధ్యాహ్నం 3:10)

దూరం లెక్క పనికొచ్చే ఇంకో చోటు చెప్తాను. విమానం మూడు గంటలు దాటి ఆలస్యంగా చేరితే, తప్పు కంపెనీదైతే, పరిహారం ఇవ్వాలి. ఎంత అన్నది తిన్నగా గీత గీసిన దూరాన్ని బట్టే. 1500 కి.మీ. లోపైతే బ్రిటన్ చట్టం ప్రకారం మనిషికి 220 పౌండ్లు, యూరప్ చట్టం ప్రకారం 250 యూరోలు. తుఫాను, మంచు లాంటివైతే ఇవ్వరు. నాకు ఒకసారి నాలుగు గంటలు లేటయింది. మూడు ఉత్తరాలు రాస్తే గానీ ఇవ్వలేదు, కానీ ఇచ్చారు. టికెట్ ధర కంటే అదే ఎక్కువ.

రైలుబండి రాధ (మంగళవారం, మధ్యాహ్నం 3:25)

ముఖ్యమైనది అడగడం మర్చిపోయా. వీసా సంగతి? బ్రిటన్ విజిట్ వీసా మీద పారిస్ పోలేరు, యూరప్ దేశాల ఉమ్మడి వీసా షెంగెన్ వేరే కావాలి. ఇక్కడికి చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళకి ఇక్కణ్ణుంచి ఇవ్వడం కష్టం, మామూలుగా ఉండే ఊరి నుంచే పెట్టుకోమంటారు.

కంబాలచెరువు కోడలు (మంగళవారం, సాయంత్రం 6:40)

హైదరాబాద్‌లోనే తీసుకుని వచ్చారండి, మా ఆయన ముందే చెప్పారు. అందరికీ ధన్యవాదాలు. మామయ్యగారు కొసైన్ లెక్క తనే మళ్ళీ వేసి 343.7 అని తేల్చారు. మాస్టారికి నమస్కారాలు చెప్పమన్నారు.

ఇంకో సందేహం. అక్కడ మా ఆడపడుచు స్నేహితురాలు ఉంది. అత్తయ్యగారు ఆమెకి ఆవకాయ, రొయ్యల పచ్చడి, ఇంట్లో కాచిన నెయ్యి, ఒక కట్ట కరివేపాకు సర్దేశారు. తీసుకెళ్ళొచ్చా?

యానాం బుల్లోడు (మంగళవారం, సాయంత్రం 7:05)

ఆవకాయకి అడ్డు లేదండి. రొయ్యలకీ లేదు, చేపల జాతి 20 కిలోల దాకా తేవచ్చు. నెయ్యి మాత్రం తేకండి, పాలతో చేసినదేదీ బ్రిటన్ నుంచి ఇటు రానివ్వరు, మాంసం కూడా అంతే. పచ్చి కరివేపాకు కూడా కుదరదు, మొక్కలకి కాగితం కావాలి. ఏం ఫర్వాలేదు, గార్ దు నోర్ నుంచి పది నిమిషాలు నడిస్తే లా షాపెల్, అంతా శ్రీలంక తమిళుల కొట్లే. కరివేపాకు, మునక్కాయ, ములక్కాడ అని ఏ పేరుతో అడిగినా ఇస్తారు. దోసెలు కూడా బాగుంటాయి.

కరీంనగర్ కుర్రోడు (మంగళవారం, సాయంత్రం 7:12)

మునక్కాయ, ములక్కాడ ఒకటే కదనే 😀

నిర్వాహకుడు (మంగళవారం, సాయంత్రం 8:00)

పచ్చళ్ళ చర్చ పెరిగేలా ఉంది. దానికి వేరే చర్చ ఉంది, అక్కడికి రండి. ఇక్కడ దూరం, టైం మీదే రాయండి.

హౌన్‌స్లో రమణ (బుధవారం, రాత్రి 12:20)

టైం మీదే రాస్తా సార్. మా ఇంటి వెనక హౌన్‌స్లో హీత్ అని పెద్ద బయలుంది, ఆదివారం కుక్కల్ని తిప్పుతారు. రోజూ నడిచే మొదటి అంతర్జాతీయ ప్రయాణికుల విమానం లేచింది అక్కణ్ణుంచే. 1919 ఆగస్టు 25న, పారిస్ పక్కన లె బూర్జేకి. డీహెచ్ 4ఏ అని యుద్ధ విమానాన్ని మార్చి చేసింది. ప్రయాణికుడు ఒక్కడే. వాడితో పాటు తోలు, కొన్ని అడవి కోళ్ళు, మీగడ సీసాలు. రెండున్నర గంటలు పట్టింది. వందేళ్ళ తర్వాత ఇప్పుడు యూరోస్టార్ నేల మీద అంతకంటే ముందు చేరుతోంది. విమానాల్లో పనిచేసేవాణ్ణి, చెప్పడానికి కొంచెం బాధే.

లెక్కల మాస్టారు (బుధవారం, ఉదయం 9:30)

ఆ దారిలోనే 1922 ఏప్రిల్ 7న ఉత్తర ఫ్రాన్సులోని పికార్డీ మీద, పొగమంచులో, ఎదురెదురుగా వస్తున్న రెండు విమానాలు గుద్దుకున్నాయి. ఏడుగురు పోయారు. దారి కోసం కింద రోడ్డు చూసుకుంటూ నడిపే రోజులు. ఇద్దరూ ఒకే రోడ్డు పట్టుకున్నారు. ఆ తర్వాతే ఎవరు ఏ పక్కన పోవాలో నియమాలు బిగించారు. 348 కి.మీ. అన్నది తిన్నటి గీత; విమానాలు ఎప్పుడూ కచ్చితంగా ఆ గీత మీద ఎగరవు, కొంచెం వంకర పోతాయి. ఆ వంకర వెనక ఇలాంటివి ఉన్నాయి.

కంబాలచెరువు కోడలు (రెండు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 9:15)

వెళ్ళొచ్చాం! ఏం జరిగిందో చెప్పకపోతే బాగోదు కదా.

వెళ్ళేటప్పుడు రైలు. రాధగారూ, మీరు చెప్పినట్టే 7:00కి ఇంట్లో బయల్దేరాం. ఒక్క విషయం, కొత్తగా వేలిముద్రలు, ఫొటో తీసుకుంటున్నారు, దాని దగ్గర అరగంట పట్టింది. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఇంకో అరగంట ముందే వెళ్ళండి. మామయ్యగారికి వీల్‌చెయిర్ ముందే అడిగి పెట్టుకున్నాం, బాగా చూసుకున్నారు.

వచ్చేటప్పుడు ఆయన పట్టుబట్టారు. "ఇరవై నిమిషాల విమానం ఎక్కకుండా రాజమండ్రి వెళ్ళను" అని. సరేనని ఆ 6:00 విమానమే కొన్నాం. ఆయన హెచ్ఎంటీ వాచీ పారిస్ టైంలోనే ఉంచుకుని, బోర్డింగ్ పాస్ వెనక రాసుకున్నారు. రమణగారి దిమ్మలు కిటికీలోంచి చూసి మరీ చూపించారు, "అవిగో తీస్తున్నాడు" అని. ఆయన రాసింది రాసినట్టు:

వెనక్కి కదిలింది 6:08. నేల విడిచింది 6:29. సముద్రం కనిపించింది, కప్పులో టీ అయ్యేలోపు పోయింది. ఒక చోట రెండు చుట్లు తిరిగింది. నేల తాకింది 7:17. ఆగింది 7:27.

గాల్లో 48 నిమిషాలు. మొత్తం 1 గంట 19. పారిస్ గడియారంలో 6:29కి ఎగిరి హీత్రో గోడ గడియారంలో 6:17కి దిగాం! పన్నెండు నిమిషాలు ముందే. ఆయన ఆ కాగితం పర్సులో పెట్టుకున్నారు, రాజమండ్రిలో వాకింగ్ స్నేహితులకి చూపించాలట.

ఇంటికి చేరేసరికి మాత్రం 8:50. లిఫ్టు పనిచెయ్యక ఒక చోట మెట్లెక్కాల్సి వచ్చింది, అప్పట్నుంచీ మోకాలికి వేడినీళ్ళ కాపడం పెడుతున్నాం.

హౌన్‌స్లో రమణ (సోమవారం, రాత్రి 12:05)

రెండు చుట్లేనా? అదృష్టవంతులు. అయినా పెద్దాయన రాసింది చూస్తే మా ఆఫీసులో రాసుకునే కాగితంలాగే ఉంది.

గిద్దలూరు శీను (సోమవారం, ఉదయం 8:40)

అక్కా, వచ్చే నెల నేను లిస్బన్ పోతున్నా. దానికీ గంట కలపాలా?

లెక్కల మాస్టారు (సోమవారం, ఉదయం 9:00)

అక్కర్లేదు శీనూ. పోర్చుగల్ టైం లండన్ టైమే. టికెట్లో ఎంత కనిపిస్తే అంతే.